ముల్లు దొరసాని

ఒక పింగాణీ బొమ్మ ఎంత బరువుంటుంది? గుప్పెట్లో పడుతుంది. తక్కెడలో వేస్తే పిడికెడు చింతపండుకు సరితూగుతుందేమో. ఆ బరువును నేను ఇన్నేళ్లుగా మోస్తున్నాను. మోసి మోసి అలసిపోయాను. మా ఆయనకు చెప్పలేదు. కన్నతల్లికి చెప్పలేదు. దేవుడికి చెప్పుకున్నాను గానీ, అదీ ఒక చెప్పుకోవడమేనా? ఆయన చూసే ఉంటాడు. తెలిసినవాడికి చెప్పడానికి ధైర్యం ఎందుకు? మీకు తెలియదు. నేనెవరో కూడా మీకు తెలియదు. అందుకని మీకు చెబుతున్నాను.

అయితే దీన్ని నవ్వుతో మొదలుపెట్టక తప్పదు. ఆ బొమ్మ అలాంటిది మరి. దాన్ని చూసి నవ్వని మనిషి మా ఇంట్లో లేడు.

మాది ఆళ్లగడ్డ. పెద్ద సేద్యం. మా మామ మాటంటే ఊళ్లో మాటే. పొలం గట్ల తగువులకు ఆయన ముందే పంచాయతీ జరిగేది. ఆయన కూతురు ఓబులమ్మ, అంటే మా ఆడబిడ్డ. అహోబిలం స్వామికి మొక్కుకుంటే పుట్టిందని ఆ పేరు పెట్టారు. నంద్యాలలో మేనత్త ఇంట్లో ఉండి ఆడపిల్లల బళ్లో ఫోర్త్ ఫారం చదువుతుండేది. పెద్దమనిషైన పిల్లను అంత దూరం పంపి చదివించడం ఆ రోజుల్లో మా వైపు మామూలు సంగతి కాదు. పది మంది పది రకాలుగా అన్నారు. మామ ఎవరి మాటా వినలేదు. కూతురిని బస్సెక్కించేటప్పుడు మాత్రం అందరి ముందూ ఒక్క మాట అన్నాడు. "అమ్మీ, నువ్వు నా కండ్లకు కనపడని చోట ఉంటావ్. ఇంక నీ మాటే నాకు కన్ను. నువ్వు అబద్ధం చెప్పిన్నాడు బస్సెక్కేది లేదు." ఓబులమ్మ తలూపింది. ఆ మాట నేనూ విన్నాను. విననట్టు నటించడానికి కూడా నాకు వీలు లేదు.

ఆ బళ్లో చాలా ఏళ్లు పనిచేసిన తెల్లటీచరమ్మ ఒకామె స్వదేశానికి వెళ్లిపోతూ, తన అద్దాల బీరువాలోని బొమ్మలన్నీ పిల్లలకు పంచిపెట్టింది. కాలివేళ్ల మీద నిలబడి ఆడే ఆటంట వాళ్ల దేశంలో. ఆ ఆట ఆడే పడుచుల బొమ్మలు వరసగా ఉండేవంట. చక్కని వాటిని చక్కని పిల్లలు ఎత్తుకుపోయారు. అందరూ వద్దని వదిలేసిన ఒక్కదాన్ని ఓబులమ్మ తెచ్చుకుంది. ఎందుకు తెచ్చుకున్నావని అడిగితే, "పాపం వదినా, అది నన్నే చూస్తా ఉండె" అంది. చూడడం మాట చెప్పాలంటే, అది ఎవరినైనా చూసేది. ఒక కన్ను నంద్యాల వైపు, ఒక కన్ను ఆళ్లగడ్డ వైపు ఉండేది.

దాన్ని చేసినవాడికి ఆ రోజు ఒంట్లో బాగాలేదేమో. మెడ పెట్టడం మరిచిపోయి, చివర్లో గుర్తొచ్చి వేలెడు అతికించినట్టుంది. పైకెత్తిన చేతుల్లో ఒకటి పొడుగు, ఒకటి పొట్టి. పిక్కలు మా ఊరి మోట తోలే మనిషి పిక్కల్లా ఉండేవి. నడుం చుట్టూ గులాబి రంగు కుచ్చుల గౌను, పళ్లెంలా గుండ్రంగా, బిర్రుగా. మూతి చూస్తే తుమ్ము వచ్చి ఆగిపోయినట్టుంటుంది. ఒంటికాలి మీద నిలబడి, రెండో కాలు వెనక్కి ఎత్తిపట్టింది. ఆ ఎత్తిన పాదం అడుగున ఒక నల్లచుక్క. రంగు వేసేవాడి కుంచె జారి పడ్డ చుక్క అయ్యుంటుంది. ఓబులమ్మ దాన్ని అరచేతిలో తిప్పి చూపించి, "ఆడతా ఉంటే పల్లేరు ముల్లు గుచ్చుకున్నెట్టుంది, అందుకే కాలెత్తింది" అంది. అంతే. ఆ పూట నుంచి దాని పేరు ముల్లు దొరసాని.

మా అత్త మొదట దాని బట్టలు చూసి ముక్కు మీద వేలేసుకుంది. తర్వాత ఎర్ర జాకెట్టు గుడ్డ చించి దానికి చిన్న చీర కట్టబోయింది. కాలు ఎత్తి ఉందాయె, చీర నిలవదు. కట్టిన కొద్దీ మోకాలి పైకి జారిపోయి, ఏరు దాటే ఆడమనిషిలా తయారైంది. అత్త నవ్వలేక కూర్చుండిపోయింది. నవ్వితే పళ్లు అరుగుతాయనుకునే మా మామ కూడా పొద్దున పొలానికి పోతూ దాన్ని పెట్టిన గూట్లోకి తొంగి చూసి, "ఏందీ, ఈమెకు ఇంకా ముల్లు తీయలేదా?" అనేవాడు. ఆయన ఎకసెక్కమాడడం నేను ఆ ఇంట్లో అడుగుపెట్టాక అదే మొదటిసారి వినడం. అంతగా ఆ ఇంటికి మాలిమి అయిపోయింది ఆ అందవికారపు బొమ్మ. అందంగా ఉండి ఉంటే ఎవరూ పట్టించుకునేవాళ్లు కాదేమో అనిపిస్తుంది నాకు.

ఇప్పుడు నా సంగతి చెప్పాలి. దాటేయాలని ఉంది. కానీ అది చెప్పకపోతే మిగతాది మీకు అర్థం కాదు.

నాకు రెండు కాన్పులు పోయాయి. ఒకటి మూడో నెలలో, ఒకటి అయిదో నెలలో. రెండోసారి తర్వాత ఇంట్లో నన్ను ఎవరూ ఏమీ అనలేదు. అనకపోవడమే నాకు భయం. అత్త తరఫు చుట్టాలు అవుకు నుంచి వచ్చినప్పుడల్లా తమ ఊళ్లో ఒక పిల్ల ఉందని, మంచి ఇల్లు అని, ఎవరికో చెబుతున్నట్టు గోడకు చెప్పేవాళ్లు. మా ఆయన నోరు మెదిపేవాడు కాదు. కాదనేవాడు కాదు, ఔననేవాడు కాదు. అటువంటి సమయంలో నాకు మళ్లీ నెల తప్పింది. మూడో నెల దాటింది. దసరా వచ్చింది.

మా అత్త పుట్టిల్లు బళ్లారి వైపు. దసరాకు బొమ్మల కొలువు పెట్టడం ఆమె అక్కడినుంచి తెచ్చుకున్న ఆచారం. మెట్ల మీద తెల్లబట్ట పరిచి, పైమెట్టున చెక్కతో చేసిన రాజూ రాణీ, కింద అంగడి పెట్టుకున్న శెట్టెమ్మ, గుర్రాలు, ఎడ్లబండి. ఆ ఏడు సెలవులకు వచ్చిన ఓబులమ్మ తన దొరసానిని తెచ్చి రాజు పక్కనే పెట్టింది. ఎత్తిన కాలు సరిగ్గా రాజు ముక్కుకు ఆనింది. పేరంటానికి వచ్చినవాళ్లు పసుపు రాయించుకుంటూ నవ్వు. తాంబూలం తీసుకుంటూ నవ్వు. అత్త బొమ్మను ఎటు తిప్పినా దాని కాలు ఎవరి ముఖానికో ఒకరి ముఖానికి తగిలేది. చివరికి పక్కమెట్టున ఒక్కదాన్నే నిలబెట్టింది.

కొలువు ఎత్తేముందు, దశమి సాయంత్రం, ఒక బొమ్మను పడుకోబెట్టాలి. మరుసటి పొద్దున దాన్ని లేపి, హారతిచ్చి, అప్పుడు అన్నిటినీ పెట్టెల్లో సర్దాలి. ఇది చాలా ఇళ్లలో ఉన్నదే. మా అత్త ఇంట్లో దానికి ఇంకో ముడి ఉంది. ఇంట్లో కడుపుతో ఉన్న ఆడది ఉంటే ఆమే పడుకోబెట్టాలి. తొట్లో బిడ్డను పడుకోబెట్టినంత పదిలంగా. బొమ్మ పదిలంగా ఉంటే బిడ్డా పదిలం. జారితే? జారితే ఏమవుతుందో అత్త నోటితో చెప్పలేదు. "నీ చేతిలోంచి ఏదీ జారకూడదమ్మే" అని మాత్రం అంది. ఆ మాటలో ఉన్న రెండు కాన్పులూ నాకు వినబడ్డాయి.

ఎప్పుడూ రాణిబొమ్మనే పడుకోబెట్టేవాళ్లు. చెక్కబొమ్మ. విసిరికొట్టినా పగలదు. ఆ సాయంత్రం అత్తకు జాలి పుట్టింది. "పండగంతా ఒంటికాలి మీద నిలబడింది పాపం. ఈ పొద్దు ఆ దొరసానినే పడుకోబెట్టు" అంది నవ్వుతూ. ఓబులమ్మ చప్పట్లు కొట్టింది. నేనూ నవ్వాను. అది ఆమె దయ. ఆ దయ వల్లే ఇదంతా వచ్చింది.

అందరూ పంచలో పేరంటాళ్లను సాగనంపుతున్నారు. మంగళహారతి పాట వినిపిస్తోంది. లోపల నేనొక్కదాన్నే. మెట్టు మీద మడత గుడ్డ వేసి, బొమ్మను రెండు చేతులా పట్టుకుని, పక్కకు తిప్పి పడుకోబెట్టాను. నిలబడడానికి చేసిన బొమ్మ అది. పడుకోవడం దానికి తెలియదు. కాలు ఒకవైపు అడ్డం, చేతులు ఒకవైపు అడ్డం. ఎలాగో సర్ది చేయి తీశాను. ఆ పళ్లెం లాంటి గౌను అంచు మీద అది మెల్లగా దొర్లింది. పట్టుకుందామని చేయి చాచాను. చాచానా? చాచాననే అనుకుంటున్నాను. ఒక చేయి మాత్రం నా కడుపు మీదికి పోయింది, అది బాగా గుర్తుంది. బొమ్మ అంచు దాటి నాపరాయి మీద పడింది. పెద్ద చప్పుడు కూడా కాలేదు.

తల ఒకచోట, ఎత్తిన కాలు ఒకచోట, మిగతా ఒళ్లు ఒకచోట. ముఖం మాత్రం అదే ముఖం. తుమ్మబోయి ఆగిన ముఖం.

హారతి పాట అయిపోవస్తోంది. నాకు ఒక్కటే తోచింది: ఇది వాళ్లు చూస్తే బిడ్డ పోయినట్టే. బొమ్మ పగిలిందని బిడ్డ పోతుందని నేను నిజంగా నమ్మానా? నమ్మాను. నమ్మకపోయినా వాళ్లు నమ్ముతారని నమ్మాను. ఇక కడుపులో బిడ్డ ఉన్నా లేకపోయినా, అవుకు పిల్ల మాత్రం గడప దాటి లోపలికి వస్తుందని నమ్మాను. ముక్కలన్నీ కొంగులో వేసుకున్నాను. చీపురుతో నలుసులు ఊడ్చాను. వంటింట్లో పాత చింతపండు కుండ ఒకటుంది, కొత్త చింతపండు వచ్చేదాకా దాని అడుగుకు ఎవరి చేయీ పోదు. అందులో కుక్కాను. చేయి కడుక్కుని, పంచలోకి పోయి, పేరంటాళ్లకు పసుపు అందించాను.

పిల్లి మీద పెట్టి ఉండొచ్చు కదా అని మీరంటారు. నేనూ అనుకున్నాను, తర్వాత, వెయ్యిసార్లు. పిల్లికి పోయేదేముంది, అదేమన్నా బడికి పోవాలా? కానీ పిల్లి పగలగొట్టినా పగిలింది పగిలిందే. పడుకోబెట్టిన చేయి నాదే. బొమ్మ పగలకూడదు, అంతే. మాయమైపోవచ్చు. మాయమైతే ఏమవుతుందో నేను ఆలోచించలేదు. ఆలోచించలేదని రాస్తున్నాను గానీ, అదీ నిజమో కాదో.

పొద్దున అత్త బొమ్మను లేపడానికి వచ్చింది. మడత గుడ్డ ఉంది. బొమ్మ లేదు. ఆమె ముఖం తెల్లబోయింది. ఆ ముఖంలో నా భయమే కనిపించింది నాకు. మరుక్షణం ఆమె గట్టిగా ఊపిరి పీల్చుకుని, "ఈ ఓబులి పనే ఇది" అంది. ముందురోజు మధ్యాహ్నం ఓబులమ్మ అందరి ముందూ అని ఉంది: "పండగ అయిపోతానే దొరసానిని నేను తీస్కపోతా. ఈడ మీరంతా దాన్ని ఎగతాళి చేస్తాండారు." ఇంకేం. పిల్ల దాచుకుంటే చిలిపితనం. పగిలితే అపశకునం. అత్త చిలిపితనాన్నే కోరుకుంది. నేను కూడా. ఇద్దరం కలిసి కోరుకున్నాం, ఒకరికొకరం చెప్పుకోకుండానే.

ఓబులమ్మ నవ్వుతూ తీయలేదంది. తర్వాత నవ్వకుండా తీయలేదంది. పెట్టె బోర్లించి చూపించింది. అత్తకు భయం ముదిరి మామకు చెప్పింది. ఆయన పంచలో మంచం మీద కూర్చుని కూతురిని పిలిచాడు.

"బొమ్మ యాడుందమ్మీ?"

"నాకు తెల్దు నాయనా."

"బొమ్మ పోతే పోనీలే. గాజుముక్క. నిజం చెప్పు చాలు."

"నిజమే చెప్తాండా నాయనా. నేను తీయలే."

తలుపు వెనక నేను నిలబడి ఉన్నాను. దొంగకు తేలు కుట్టినట్టు. ఆయన అరవలేదు, కొట్టలేదు. నిజం చెప్పేదాకా నంద్యాల బస్సు లేదన్నాడు. బడి తెరిచారు. బస్సు రోజూ పోతూనే ఉంది. హారన్ వినబడగానే ఓబులమ్మ చేతిలో పని ఆపి తలెత్తేది. నేను తల దించుకునేదాన్ని. ఎన్ని రోజులు అలా గడిచాయో లెక్క పెట్టలేదు.

ఆ తర్వాత జరిగింది చెప్పడానికే నేను ఇంత చుట్టు తిరిగి వచ్చాను. బొమ్మ పగలడం నా తప్పు కాదు. దాచడం కూడా, భయపడ్డ ఆడదాని పని అని మీరు సర్దుకోగలరు. ఇది సర్దుకోలేరు.

ఒకరోజు నేను పొయ్యి ముందు ఉన్నాను. ఓబులమ్మ వచ్చి నా పక్కన కూర్చుంది. చింతపండు కుండ మా ఇద్దరికీ చేతికందే దూరంలో ఉంది.

"వదినా, ఆ పొద్దు నువ్వే కదా పడుకోబెట్టింది. దాని తర్వాత ఆడికి ఎవురన్నా పోయినారా? నువ్వన్నా నాయనకు చెప్పు వదినా. నువ్వు చెప్తే ఇంటాడు."

"నేను జూడలేదు ఓబులా."

"పరీక్షలొస్తాండాయి. పోకుంటే ఈ ఏడు పోతాది."

నేను కట్టె ఎగదోశాను. ఏమీ అనకుండా ఉంటే సరిపోయేది. నోరు మూసుకున్నా నేను పాపిని అయ్యేదాన్నే గానీ, ఇంత పాపిని అయ్యేదాన్ని కాదు. నేను అన్నాను:

"తీసినానని ఒప్పుకో. నిజం చెప్తే చాలన్నాడు కదా మామ. ఒప్పుకుంటే విడిచిపెడతాడు. రేపే బస్సెక్కు."

ఆమె నా వైపు చూసింది. "తీయకుండానే?"

"ఏదో ఒకటి చెప్పు. పెద్దోళ్లకు కావాల్సింది ఒప్పుకునేదే."

ఆమె లేచి వెళ్లిపోయింది. ఆమె మంచి కోసమే చెప్పానా? అప్పుడు అలాగే అనుకున్నాను. ఆమె బస్సెక్కుతుంది, మామ చల్లబడతాడు, ఎవరికీ ఏమీ కాదు. ఆమె ఒప్పుకుంటే ఇక ఎవరూ వెతకరు, కుండ అడుగుకు ఎవరూ చేయి పెట్టరు అన్న సంగతి నాకు తోచలేదా? తోచింది. ముందు అదే తోచింది.

సాయంత్రం ఓబులమ్మ తండ్రి ముందుకు పోయి, తానే తీశానంది. ఎందుకంటే, అందరూ నవ్వుతున్నారని కోపమొచ్చిందంది. యాడ పెట్టినావంటే, బాయిలో ఏసినానంది. బాయి దండిగా నిండి ఉంది, అందులో ఎవరు చూస్తారులే అనుకుంది కాబోలు. అబద్ధం చెప్పడం అలవాటు లేని పిల్ల. అలవాటున్నదాన్ని నన్నడిగి ఉంటే, చూడడానికి వీలులేని చోటు చెప్పి ఉండేదాన్ని.

మా మామ సంగతి మేమిద్దరమూ మరిచిపోయాం. పంచాయతీల్లో గట్టురాయి ఫలానా చోట ఉందంటే, ఆ రాయి దగ్గరికి పోయి కాలు మోపితే తప్ప తీర్పు చెప్పని మనిషి ఆయన. పొద్దున్నే ఇంటి వెనక బాయి దగ్గర మంచం వేయించుకుని కూర్చున్నాడు. బిందెలు తీసే గాలం వేయించాడు. తర్వాత సేద్యగాడిని దింపాడు. అతను మునిగి, పైకొచ్చి ఊపిరి తీసుకుని, మళ్లీ మునిగేవాడు. ఎప్పుడో పడిపోయిన చెంబు దొరికింది. మా అత్త పోగొట్టుకున్న ఇత్తడి గరిటె దొరికింది. ఒక పిల్లకాయ బొంగరం దొరికింది. ఒక్కొక్కటీ గట్టు మీద పెడుతుంటే ఓబులమ్మ దాని వంక ఆశగా చూసింది. మీకు నమ్మబుద్ధి కాకపోవచ్చు, నేను కళ్లారా చూశాను. తాను వేయని బొమ్మ అందులోంచి రావాలని ఆ పిల్ల మొక్కుకుంటోంది. రాలేదు. సేద్యగాడు గట్టు పట్టుకుని వణుకుతూ, "ఇంగేం లేదప్పా. అడుగంతా తడిమినా" అన్నాడు.

మామ లేచాడు. ఆయన కోపంగా ఉంటాడనుకున్నాను. ఆయన ముఖం చూస్తే ఎవరో చచ్చిపోయినట్టుంది.

"ముందు తీయలేదన్నావ్. మళ్లా తీసినానన్నావ్. ఏది అబద్ధమో నాకు అక్కర్లేదమ్మీ. ఒకటైతే అబద్ధమే కదా." ఇంటి వైపు తిరిగాడు. "పెట్టె విప్పుకో. ఇంగ నంద్యాలా లేదు, బడీ లేదు."

ఓబులమ్మ ఏడవలేదు. నా వైపు చూసింది. నువ్వు చెప్పమన్నావు కదా అని ఆ పిల్ల ఒక్క మాట అని ఉంటే నా బతుకు అక్కడే తేలిపోయేది. అనలేదు. అప్పుడే, సరిగ్గా ఆ గట్టు మీదనే, నా కడుపులో బిడ్డ మొదటిసారి కదిలింది. నేను సంతోషించాను. అదీ రాయాలి. ఆ పిల్ల చదువు బాయిలో కలిసిపోయిన నిమిషంలో నేను కడుపు మీద చేయి పెట్టుకుని సంతోషించాను.

చైత్రంలో నాకు ఆడపిల్ల పుట్టింది. ఏ లోటూ లేకుండా, గట్టిగా ఏడుస్తూ పుట్టింది. పగిలిన బొమ్మకూ బిడ్డకూ ఏ సంబంధమూ లేదని తేలింది. అప్పుడైనా చెప్పొచ్చు కదా? చెప్పలేదు. ముందు బిడ్డ కోసం చెప్పలేదన్నాను. బిడ్డ పుట్టాక, పాలిచ్చే తల్లిని అన్నాను. తర్వాత, జరిగిందేదో జరిగిపోయింది, ఇప్పుడు చెబితే మామ తట్టుకోలేడన్నాను. ఆ తర్వాత సాకులు వెతుక్కోవడం కూడా మానేశాను. చెప్పకపోవడం అలవాటైపోయింది. చింతపండు కుండలోంచి ముక్కలు తీసి, కడిగి, గుడ్డలో చుట్టి, నా పెళ్లి ట్రంకుపెట్టె అడుగున పెట్టాను. పారేయొచ్చు. ఎందుకో పారేయలేదు.

ఇంకొకటి ఉంది. నేను చదివింది రెండో తరగతి. అప్పటికి కూడబలుక్కుని పేరు చదవగలిగేదాన్ని, అంతే. బడి పోయిన ఓబులమ్మకు ఇంట్లో పొద్దుపోదు. బిడ్డను ఒళ్లో వేసుకుని, నన్ను పక్కన కూర్చోబెట్టుకుని, పలక మీద నాకు చదువు చెప్పింది. ఒత్తులు నేర్పింది. వాక్యం ఎక్కడ ఆపాలో నేర్పింది. తప్పు రాస్తే, "ఏందొదినా ఇది, ఈ అక్షరం మన దొరసాని మాదిరి కాలెత్తుకుండాది" అని నవ్వేది. ఆ బొమ్మ మాట ఆమె అంత సులువుగా ఎత్తేది. నేనూ నవ్వి, చెరిపి మళ్లీ రాసేదాన్ని. ఇప్పుడు మీరు చదువుతున్న అక్షరాలన్నీ ఆమె పెట్టినవే. ఆమె చదువు తీసేసి, దాన్ని నేను తీసుకున్నాను.

తర్వాత ఆమెకు పాణ్యంలో సంబంధం కుదిరింది. మొగుడు మంచివాడు, ఇల్లు మంచిది. ఆమె బాగుందని అందరూ అంటారు. బాగానే ఉంది. సరుకుల పొట్లాల కాగితాలు కూడా విప్పి చదువుతుందని ఆమె అత్త నవ్వుతూ చెబుతుంది. వారపత్రిక తెప్పించుకుంటుంది. మొదటి అక్షరం నుంచి చివరి దాకా చదివి, మడిచి, వచ్చిపోయేవాళ్ల చేత నాకు పంపిస్తుంది.

మొన్న పుట్టింటికి వచ్చింది. నా కూతురు కథ చెప్పమని మేనత్త కొంగు పట్టుకుంది. ఓబులమ్మ ముల్లు దొరసాని కథ చెప్పింది. మెల్లకన్ను పెట్టి చూపించింది. తుమ్మబోయిన మూతి పెట్టింది. నడవాలో ఒంటికాలి మీద నిలబడి, చేతులు ఒకటి పొడుగు, ఒకటి పొట్టి పెట్టి, తూలుతూ ఆడింది. పిల్ల పడీ పడీ నవ్వింది. ముసలివాడైపోయిన మా మామ మంచం మీదినుంచి, "ముల్లు తీయండిరా దానికి" అన్నాడు. అందరం నవ్వాం. అప్పుడు నా కూతురు అడిగింది.

"అత్తా, ఆ దొరసాని యాడుంది?"

"నేనే బాయిలో ఏసినాలే."

"ఎందుకు?"

ఓబులమ్మ కాలు దించింది. ఆలోచించింది. నిజంగానే ఆలోచించింది. "ఏమో పాపా. చిన్నతనం. గుర్తు లేదు."

అందులో ఎత్తిపొడుపు లేదు. నా వైపు చూడను కూడా చూడలేదు. ఇన్నేళ్లు అందరూ అన్నారు, ఆమె తలూపింది. అని అని, ఊపి ఊపి, ఆమెకు అదే జ్ఞాపకమైపోయింది. నేను పొయ్యి ముందు చెప్పమన్న అబద్ధం ఆమె తలలో నిజమై కూర్చుంది. చదువు పోగొట్టుకుంది తన చేతులారా తానేనని ఆ పిల్ల నమ్ముతోంది. ఇన్నాళ్లూ ఆమె చదువు మాత్రమే తీసుకున్నాననుకున్నాను. కాదు.

ఆమె పాణ్యం వెళ్లాక మధ్యాహ్నం ఎవరూ లేనప్పుడు పెట్టె తెరిచాను. గుడ్డ విప్పాను. దొరసాని తల నా వంక, గోడ వంక ఒకేసారి చూసింది. చాలా ఏళ్ల తర్వాత చూశానేమో, నవ్వొచ్చింది. నవ్వుతూనే ఏడ్చాను. విరిగిన పాదం తిప్పి చూశాను. నల్లచుక్క ఉంది. గోటితో గీరాను. పోలేదు.

ఎదురుగా చెప్పాలని ఇప్పటికి ఎన్నిసార్లో పాణ్యం బస్సెక్కాను. ప్రతిసారీ వడియాల గురించో, పిల్లల దగ్గు గురించో మాట్లాడి తిరిగొచ్చాను. నోటితో నాకు చేతకాదు. అందుకే ఇలా. దీన్ని ఆమె తెప్పించుకునే వారపత్రికకే పంపుతున్నాను. కింద నా పేరు రాయడం లేదు. ఊరి పేరు చెప్పినా, ఇది ఆ ఊళ్లో ఏ ఇల్లో మీకెవరికీ తెలియదు. తెలిసినా మీకు పనిలేదు. ఆమె క్షమిస్తుందని రాయడం లేదు. క్షమించకూడదనే అనుకుంటాను ఒక్కోసారి. మామకు తెలుస్తుంది, మా ఆయనకు తెలుస్తుంది, నా కూతురికి తెలుస్తుంది. తెలియనీ.

పేరు పెట్టలేదు గానీ, పైన బొమ్మ పేరు పెట్టాను. ఆ పేరు చూసి ఆగిపోయే మనిషి లోకంలో ఒక్కతే ఉంది. మొదటి అక్షరం నుంచి చివరి దాకా చదువుతుంది.

నువ్వు బాయిలో ఏయలేదు ఓబులా. నువ్వు తీయనే లేదు. నేను పగలగొట్టినా. నా దగ్గరే ఉండాది.